పది తూటాల పరీక్ష

ఐరాల పక్కన కొండ కింద సుందరరాజుకు నాలుగెకరాల చెనిక్కాయ చేను ఉండేది. రోజూ పొద్దు వాలేటప్పటికి ఒక కొమ్ముల దుప్పి కొండ దిగొచ్చి, తిన్నంత తిని, మిగిలింది తొక్కి పోయేది. చేని ముందర పారే వంకను మనిషి దాటితే చాలు, వాసన పట్టి మాయమయ్యేది. దాన్ని కొట్టాలంటే వంక ఇవతల నుంచే, మున్నూరు గజాల దూరాన కొట్టాల్సిందే.

రాజు చిత్తూరికి పోయినాడు. తన రైఫలుకు పట్టే తూటాలు అంగట్లో రెండు రకాలున్నాయి. ఒకటి సన్న మొనది, తేలిక. ఇంకొకటి మొద్దు మొనది, బరువు. యుద్ధం అయిపోయి ఏడాదైనా సరుకు సరిగా రాలేదనీ, రకానికి ఐదు కంటే ఎక్కువ ఇయ్యలేననీ అంగడాయన చెప్పినాడు. ఏది మేలో తేల్చుకోలేక రాజు రెండు రకాలూ తెచ్చుకున్నాడు.

బర్మాలో యుద్ధం చేసొచ్చిన పక్కింటి ఏకాంబరం అప్పటికే అరుగు మీద కాచుకోని ఉన్నాడు. తేలికది వడిగా పోతుందని రాజు అంటే, కొండ గాలి దాన్ని పక్కకు నెట్టేస్తుందని ఏకాంబరం అన్నాడు. బరువుది దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది కదా అని రాజు. పళ్ళెంలో సంగటి చల్లారిపోయినా వాదం చల్లారలేదు. రాజు భార్య ఆనందమ్మ విని విని విసిగి, కాల్చి చూసుకోండని పాత చాట ఒకటి చేతికిచ్చింది.

మరుసటి రోజు మధ్యాన్నం చాటను వంక అవతల చెట్టుకు కట్టినారు. తేలికవి ఐదూ ఎడమ పక్క బండకు తగిలినాయి. బరువువి నాలుగు చాటకు జానెడు కింద మానులో దిగినాయి. ఐదోదానికి రాజు గురి జానెడు పైకెత్తినాడు. చాట నడిమధ్యన బొక్క పడింది.

"ఇంక అనుమానం లేదప్పా, బరువుదే" అన్నాడు ఏకాంబరం. ఇద్దరూ కావిలించుకున్నారు.

పొద్దు వాలింది. దుప్పి దిగింది. రాజు గట్టు మీద బోర్లా పడుకోని, ఊపిరి బిగబట్టి, వెనక్కి చెయ్యి చాపినాడు.

"బరువుది ఒకటియ్యి."

ఏకాంబరం సంచి తడిమినాడు. తిరగేసి దులిపినాడు.

"యాడుండాదప్పా? అన్నీ ఆ చాటకే పెట్టేస్తిమి కదా."

దుప్పి తీరిగ్గా మేస్తావుంటే ఇద్దరూ పడుకోనే చూసినారు. కడాకు ఆనందమ్మ వచ్చి ఇత్తడి తాంబాళం వాయించి దాన్ని తరిమింది. ఏ రకం తేలిందని అడిగితే రాజు మొహం గంటు పెట్టుకోనే బరువుదని చెప్పినాడు.

వారం తిరక్కుండా మళ్ళీ చిత్తూరికి పోతే, బరువువి అయిపోయినాయని అంగడాయన అన్నాడు. రాజు తేలికవే ఐదు కొనుక్కోనొచ్చి, గాలి లేని సాయంత్రం ఎప్పుడొస్తుందా అని కాచుకోని కూర్చున్నాడు.