నల్లప్ప గెలికిన సంగటి

ఎసట్లో నూకలు ఉడుకుతున్నాయి. మంజుశ్రీ రాగిపిండి చాట పట్టుకుని నిలబడి ఉండగా వాళ్ల నాయన నల్లప్ప బడి గేటు దాటి నేరుగా వంటకొట్టం దగ్గరికే వచ్చాడు.

“గుడ్డలు సర్దుకో. పోదాం.”

వేసవి సెలవుల్లో ఆ బడిలో ఆడపిల్లలకు శిబిరం పెట్టారు. పొద్దున్నే పరుగు, తర్వాత లెక్కలు, సాయంత్రం ఖోఖో. ప్రహరీ అవతలంతా సోలార్ పలకలే. ఎండకు అవి కళ్లు తెరవనివ్వవు. నల్లప్ప చేను కూడా వాటి కిందే ఎక్కడో ఉంది. దాన్ని సోలార్ కంపెనీకి గుత్తకిచ్చినప్పటి నుంచి ఆయనకు దుక్కి లేదు, విత్తు లేదు. పొద్దస్తమానం అరుగు మీదే. కొడుకు నందీష్ సోలార్ గేటు దగ్గర కాపలా ఉంటాడు. పెండ్లాం పోయాక పొయ్యి మంజుశ్రీ మీద పడింది.

ఆదివారం హొసకోట పిల్లలతో ఖోఖో పోటీ. ఇవాళ ఇల్లు చేరితే నాయన మళ్లీ గడప దాటనివ్వడని మంజుశ్రీకి తెలుసు. పోటీకే కాదు, జూన్‌లో బడికి కూడా.

“ఆదివారం ఆటుండాది నాయనా. అయినాక వస్తా.”

“ఆటంట, ఆట! ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్లు లేరు. మీ యన్న హోటల్లో తింటాండాడు. నేను రేత్రి బన్ను తిని పండుకున్నా.”

“పగలంతా ఏం జేస్తాండావు మరి?”

పళ్లేలు పట్టుకుని చేరిన పిల్లలు రెండడుగులు వెనక్కి జరిగారు. వంట చేసే లక్ష్మక్క మాత్రం ముందుకొచ్చింది.

“ఏం నల్లప్పన్నా, కూతుర్ని తీసకపోయేకి వచ్చినావా, పొయ్యిని తీసకపోయేకి వచ్చినావా?”

“నీ పని నువ్వు చూస్కోమ్మా.”

“నా పని ఇదే. ఈ పొద్దు గెలికే వంతు మంజుది. వంతు ఇడిసి పోతే ఇంతమందీ పస్తే.”

మంజుశ్రీ చాట నాయన ముందు పెట్టింది. సంగటి కట్టె ఆయన చేతికిచ్చింది.

“నా వంతు నువ్వు జెయ్. ముద్దలో ఒక్క ఉండ లేకుంటే ఇప్పుడే నీ ఎంబడి వస్తా.”

తల్లి చనిపోయిన నెలలోనే ఒకసారి జరిగింది. సంగటిలో ఉండలు కట్టాయని నల్లప్ప పళ్లెం వాకిట్లోకి విసిరాడు. కుక్క తినింది. మంజుశ్రీ వాకిలి కడిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగిందో ఆమె లెక్క పెట్టుకోలేదు. మరిచిపోనూ లేదు.

“దీనికింత రాద్ధాంతమా! మాయమ్మ గెలుకుతాంటే పుట్టినప్పట్నుంచీ చూసినా,” అన్నాడు నల్లప్ప.

చూశాడు. అంతే.

చెప్పులు విడిచి కూర్చున్నాడు. పిండంతా ఒక్కసారి గుమ్మరించి వెంటనే గెలకడం మొదలుపెట్టాడు. పిండిని కుప్పగా పోయాలి. నడుమ కట్టెతో గుచ్చాలి. ఆ బొక్కలోంచి ఎసరు పొంగి పిండి ఉడికేదాకా కదపకూడదు. అక్కడున్న ప్రతి పిల్లకూ అది తెలుసు. లక్ష్మక్క నోరు తెరవబోయింది. మంజుశ్రీ ఆమె వైపు చూసింది. లక్ష్మక్క పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది.

నల్లప్ప బలమున్న మనిషి. చెమటలు కారేలా గెలికాడు. పైకి సంగటి నున్నగానే కనిపించింది.

“చూడు,” అన్నాడు.

మంజుశ్రీ చెయ్యి తడుపుకుని మొదటి ముద్ద కట్టి పళ్లెంలో ఆయన ముందే పెట్టింది. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పక్కన వేసింది. నల్లప్ప ముద్ద విరిచాడు. ఉండలు. ఒకటి చిదిమితే పొడిపిండి రాలింది.

“చిన్నాయనా, లోపల సోలార్ దుమ్ముండాది!” అంది సింధుశ్రీ. ఆమె మంజుశ్రీ జట్టులోనే ఆడుతుంది. పిల్లలు పగలబడి నవ్వారు.

నల్లప్ప చెయ్యి పళ్లెం మీద బిగిసింది. పళ్లెం పైకి లేచింది.

“ఇసురు,” అంది మంజుశ్రీ. “ఈడ కుక్క లేదు. నువ్వే కడగాల.”

పళ్లెం గాలిలో కాసేపు ఆగింది. తర్వాత నేల మీదికి దిగింది.

ఆయన తిన్నాడు. ఒక్కో ఉండా గొంతుకు అడ్డం పడుతుంటే నీళ్లు తాగి మింగాడు. పిల్లలు ఉండలు ఏరి పక్కన పెట్టుకుని అదే తిన్నారు. మంజుశ్రీ ఏరకుండానే తినింది. ఆమెకది అలవాటే.

కొళాయి దగ్గర పళ్లెం తనే కడుక్కుని నల్లప్ప చెప్పులు తొడుక్కున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

“పిండి పోసినాక ఏం జెయ్యాల?”

ఒక్క మాటలో చెప్పొచ్చు. మంజుశ్రీ చెప్పలేదు.

“ఆదివారం ఆట చూసేకి రా. ఆట అయినాక చెప్తా.”

“అందాకా ఏం తినాల?”

“ఉండలు,” అంది.

ఆయన ఎటు పోయాడో ఆమె చూడలేదు. ఆ సాయంత్రం మైదానంలో ఆమెను ముట్టుకోవడం ఎవరివల్లా కాలేదు.