చుట్టరికం రాయవలసిన చోట

పన్నెండో కాజా కుట్టేసరికి బాలమ్మ వేలిలో సూది రెండుసార్లు దిగింది. రాంగోపాల్‌పేటలో తుకారాం టైలరు దుకాణం మెట్టు మీద ఇరవై ఏళ్లుగా ఆమె పని అదే, చొక్కాలకు కాజాలు, గుండీలు. వంగి వంగి మెడ ముందుకొచ్చింది. కుడి బొటనవేలు కాయకాచి మొద్దుబారింది. ఆ ఇరవై ఏళ్లూ ఆమె, బడిలో ఆయాగా చేసిన ఆలిస్ ఒకే గదిలో ఉన్నారు. మొగుళ్లు వదిలేసిన ఇద్దరాడవాళ్లు. ఒకరికి ఎల్లమ్మ, ఒకరికి చర్చి, ఇద్దరికీ ఒకటే పొయ్యి. దాన్ని ఏ రకం కుటుంబమనాలో వాడకట్టుకు తెలియలేదు గాని, వాడకట్టు నోరు మాత్రం ఊరుకోలేదు.

మొన్న ఆలిస్‌కు కడుపు ఆపరేషన్ అయింది, ఇంకా స్పృహ రాలేదు. ఆసుపత్రిలో పక్కనుండే మనిషికిచ్చే పాసు కోసం చుట్టరికం చెప్పమంటే బాలమ్మ ‘చెల్లెలు’ అని రాయించింది. నిన్న యాప్రాల్ నుంచి ఆలిస్ మేనల్లుడు ఆర్థర్ దిగాడు. ఆరేళ్లుగా క్రిస్మస్‌కైనా గుమ్మం తొక్కని పెద్దమనిషి, కౌంటరు దగ్గర రక్తసంబంధం మీద ప్రసంగమే చేశాడు.

“మా నాన్నకు ఒకతే చెల్లె. ఈమె ఉత్త రూమ్మేట్,” అన్నాడు. పాసు అతని జేబులోకి పోయింది.

“పోయి చూసి రారాదు, బాలమ్మా?” తుకారాం అడిగాడు.

“గేటుకాడ ఆపుతుండ్రు, మాస్టర్. నేనేం కానంట.”

“ఆ పిలగాన్ని జెర బతిమాలు.”

“వాన్నా? సచ్చినా బతిమాల.”

ఆలిస్ కళ్లు తెరిచినప్పుడు పక్కన ఉండాలి. బాలమ్మకు కావలసింది అంతే. ఆ పాటిదానికి కూడా హక్కు చూపించమన్నారని ఆమెకు ఒళ్లు మండిపోయింది. కాజా మాత్రం వంకర పోలేదు.

రెండింటికి అన్నానికని ఇంటికెళితే, గుమ్మంలో ఆర్థర్ నిలబడి ఉన్నాడు.

“అత్త పొద్దున ఆరింటికి పోయింది. తెల్లచీర, బైబిల్ ఇవ్వు. నాలుగింటికి బరియల్.”

“ఆరింటికి పోతే గిప్పుడు చెప్తున్నవా?”

“ఫ్యామిలీకి అప్పుడే చెప్పినం. నువ్వు అక్కడికి రాకు, మావాళ్లు గలాటా చేస్తరు.”

ఆమె ఏడవలేదు, వాడి ముందు ఏడవడం ఇష్టం లేక. చీర తీసింది, బైబిల్ దులిపి ఇచ్చింది. అతను ఆటో ఎక్కాక ఏదో తట్టి వాకిట్లోకి ఉరికింది.

“ఆగు. అక్కవి ఇంకా ఉన్నయి.”

“ఏమున్నా నువ్వే ఉంచుకో,” ఆర్థర్ ఉదారంగా చెయ్యి ఊపాడు.

ఆటో మలుపు తిరిగింది. పాస్టరు గారొచ్చినా అవి పెట్టుకోనిదే ఆలిస్ ఎదుటికి వచ్చేది కాదు. ఆపరేషన్‌కు ముందు నర్సు తీసి బాలమ్మ చేతిలో పెట్టిన కట్టుడు పళ్లు, గూట్లో, గ్లాసులోని నీళ్లలో, కడిగి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.