చేతికివ్వకూడని సూది

నేను ఒక సూదిని. అదుగో, అప్పుడే మొహం తిప్పుకుంటున్నారు! కత్తినో కిరీటాన్నో అయితే చెవులు రిక్కించి వినేవారు. పైగా అంగీ గుండీలు కుట్టే వెంట్రుకలాంటి సూదిననుకుంటున్నారేమో, అదేం కాదు. నేను బొంత సూదిని. చూపుడు వేలంత పొడవుంటాను. ఆరు పొరల పాత చీరలను ఒక్క పోటుతో దాటి అవతలికి తేలతాను.

నా పుట్టుక గురించి గొప్పలేం లేవు. ఏదో కార్ఖానాలో ఇనుప తీగను ముక్కలు చేసి, ఒక కొసను అరగదీసి, రెండో కొసకు బెజ్జం పెట్టారు. బెజ్జమైతే పెట్టారు గానీ నోరు పెట్టలేదు. ఆ లోపం వల్ల ఎంత ముప్పు రాబోయిందో చెప్పడానికే ఈ కథంతా.

పూసలామె గంపలో కూర్చుని ఊళ్లన్నీ తిరిగాను. జగిత్యాల అవతల ఒక చిన్న ఊళ్లో కొమురవ్వ అనే ఆవిడ పిడికెడు చిక్కు వెంట్రుకలిచ్చి నన్ను పుచ్చుకుంది. అవును, తల దువ్వుకుంటే రాలిన వెంట్రుకలు, అదే నా వెల! అయినా ఏం చిన్నబుచ్చుకోలేదు. ఎందుకంటే కొమురవ్వ చేతిలో పడ్డాక నేను బియ్యపు గింజల్లాంటి కుట్లు వేశాను. ఊళ్లో ఏ ఇంట్లో పురుడొచ్చినా బొంతకు ఆమెనే పిలిచేవారు. మధ్యమధ్య కాళ్లలో ముళ్లు తీశాను, బస్తాల మూతులు కుట్టాను, బంతిపూలు గుచ్చాను. మనుషులకు సూది కనబడితే చాలు, ఏదో ఒక పని గుర్తొస్తుంది.

కొమురవ్వకు పిల్లల్లేరు. ఆమె మరిది భార్య సత్తెవ్వ. మా వైపు తోడికోడళ్లను యారాళ్లు అంటారు. ఈ యారాళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, సత్తెవ్వ కూతురు స్రవంతిని చెరో పూట చంకన ఎత్తుకుని పెంచారు. అలాంటివాళ్లు పదకొండేళ్ల కింద ఒక్క వారంలో మాట్లాడుకోవడం మానేశారు. నింద ఎవరి మీద పడిందో తెలుసా? నా మీద!

మావాళ్లు సూదిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ కొట్లాట అవుతుందట. ఉప్పుకూ ఇదే మర్యాద. అందుకని ఒకరు గుడ్డకు గుచ్చి వదిలేస్తే, రెండోవాళ్లు గుడ్డ నుంచి తీసుకోవాలి. ఆ రోజు అన్నం పొంగుతోందని కొమురవ్వ తొందరలో నన్ను సత్తెవ్వ చేతికే ఇచ్చి పరుగెత్తింది. అదే వారం మామిడికాయ తొక్కులో కారం ఎక్కువైందని ఒకరు, నీ నోట్లోనే కారం ఉందని ఒకరు అనుకుని పొయ్యిలు వేరుపడ్డాయి. “గా సూది చేతికిచ్చినందుకే ఇట్లాయె” అని ఊరంతా తేల్చేసింది. తమ నోటి దురుసంతా తీసుకొచ్చి నా మొన మీద పెట్టారు, చూశారా!

నాకు తెలిసిన అసలు సంగతి వేరు. ఆ రోజు కుడుతున్న బొంత అంచుకోసం కొమురవ్వ ఒక నీలిగడుల చీరలోంచి జానెడు పీలిక చించింది. చచ్చిపోయిన తల్లి గుర్తుగా సత్తెవ్వ దాచుకున్న చీర అది. పాత చీరల మూటలో ఎలా కలిసిందో కలిసింది. కొమురవ్వకు తెలియదు. సత్తెవ్వ ఆ పీలిక వంక చూసింది, మొహం నల్లబడింది. అనవలసినది మింగేసి, రెండు రోజులకు తొక్కు మీద అంది. చీర మసిగుడ్డలై పోయిందనే ఇన్నాళ్లూ అనుకుంది.

మరుసటేడు సత్తెవ్వ తమ్ముడు మాటల్లో ఆ చీర సంగతి చెప్పాడు. కొమురవ్వ ఆ మధ్యాహ్నమే తలుపు దగ్గరేసుకుని, ఆ బొంత అంచు విప్పి, ఆ పీలికను మళ్లీ చీరకే నాతో అతికింది. కుడుతున్నంతసేపూ ఏడ్చింది. నీళ్లన్నీ నా మీదే, నాకేమో తుప్పు భయం! ఉతికి మడతపెట్టి పెట్టెలో దాచింది కానీ తీసుకెళ్లి ఇవ్వడానికి కాళ్లు రాలేదు. రెండు ఇళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. పదేళ్లు దాటలేకపోయింది మహాతల్లి.

ఇక అసలు కథ ఈ ఎండాకాలపు మొదట్లో. ఉగాది వెళ్లి వారమైంది. వేపపూత వాకిళ్లన్నిటా రాలుతోంది, మామిడి కాయలు ఉప్పూ కారానికి సిద్ధంగా ఉన్నాయి. స్రవంతి పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. ఇరవయ్యొకటో రోజున పాపను తొట్లెలో, అదే ఉయ్యాలలో, వెయ్యాలి. “మా పెద్దమ్మ కుట్టిన బొంత లేకుంటే నా బిడ్డను తొట్లెల ఎయ్యనియ్య” అని బాలింత మొండికేసింది. సత్తెవ్వ ఏం చేస్తుంది? గోడ దగ్గరికొచ్చి, గోడతో చెప్పినట్టు, “పోరి అడుగుతున్నది. బొంత కుట్టాలెనట” అంది.

కొమురవ్వకు ఆ మాట చాలు! పసిబిడ్డ బొంతకు కొత్త గుడ్డ వాడరు, పెద్దల ఒంటి మీద మెత్తబడ్డ చీరలే కావాలి. ఆమె తన ఇంట్లోనే ఆరు పొరలు పరిచింది. పై నుంచి రెండో పొరగా, పాప వీపుకు దగ్గరగా, పెట్టెలోంచి నీలిగడుల చీర తీసి వేసింది. చుట్టూ పెద్ద పెద్ద కుట్లు వేసి, ఎవరికీ కనబడకుండా మూసి, చంకన పెట్టుకుని సత్తెవ్వ గడప తొక్కింది. పదకొండేళ్ల తర్వాత! ఈ బొంత బాగా కుదిరితే ఆ ఇంట్లో తనకు మళ్లీ పీట వేస్తారని ఆమె ఆశ. నాకూ అదే ఆశ. నా పేరు మీది మచ్చ కూడా పోవాలి కదా మరి.

తొట్లెకు ముందు రోజు వాకిట్లో చాప వేసి బొంత పరిచారు. పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద వడియాల పిండి కుతకుతలాడుతోంది. నువ్వులు, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి వేసి తిప్పుతుంటే వీధి చివర దాకా ఘాటు. సత్తెవ్వ సూది పొద్దున్నే బెజ్జం దగ్గర పుటుక్కున విరిగింది. కాబట్టి ఒక్క సూదినే ఇద్దరికీ! ఒకరు ఒక వరస కుడితే ఒకరు పిండి తిప్పుతారు, ఉడికిన పిండితో డాబా మీద తడి చీరపై వడియాలు పెట్టి వస్తారు. వరస అయిపోగానే నన్ను గుడ్డకు గుచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మర్యాద తప్పకుండా. మాటలు కూడా అంతే కొలతగా.

“ఉప్పు సరిపోయిందా సూడు.”

“సరిపోయింది.”

నాకైతే విసుగొచ్చింది. కానీ మధ్యాహ్నానికి ఒక వడియం వంకరగా పడిందని సత్తెవ్వ నవ్వింది. కొమురవ్వ కూడా నవ్వింది. నేను కూడా సంబరంగా నాలుగు కుట్లు ఎక్కువే వేశాను.

పెద్ద కుట్లు తీసేసి గట్టిగా కుట్టాల్సిన అంచు ఇంకొక జానెడు మిగిలింది. నా దారం అయిపోయింది. సరిగ్గా అప్పుడే పడమట ఆకాశం కాటుక పూసుకుంది. దుమారం లేచింది. వేపపూత, దుమ్ము, ఎవరిదో తువ్వాల, అన్నీ గాల్లో!

“అక్కా, మబ్బు వట్టింది! వడియాలూ!” అని సత్తెవ్వ కేక.

అక్కా అంది! పదకొండేళ్ల తర్వాత అక్కా అంది! ఆ పిలుపు విన్నాక కొమురవ్వ ఇక దేన్నీ పట్టించుకోలేదు. దారం లేని నన్ను కుట్టని అంచు దగ్గర అలాగే గుచ్చి డాబా మీదికి పరుగుతీసింది. సత్తెవ్వ బొంతను చాపతో సహా చుట్టచుట్టి ఇంట్లోకి విసిరేసి తానూ పరుగెత్తింది. ఆ చుట్టలో నేను జారాను. జారి జారి, ఆ జానెడు సందులోంచి పొరల మధ్యకు వెళ్లిపోయాను.

బయట రాళ్ల వాన. డాబా మీద ఇద్దరి అరుపులు, నవ్వులు. వడియాలు సగం దక్కాయి. రాలిన మామిడికాయలు ఏరుకొచ్చి ఆ సాయంత్రం పప్పు వండారు. ఒకే పొయ్యి మీద! పోపు వాసన నా దాకా వచ్చింది. లోపల నేను ఒక్కదాన్నే చెమటలు కక్కుతున్నాను.

ఎందుకంటే నా కోసం ఎవరూ అడగలేదు. నన్ను కొమురవ్వ తీసి దాచిందని సత్తెవ్వ అనుకుంది. సత్తెవ్వ దగ్గర ఉన్నానని కొమురవ్వ అనుకుంది. సూది మాటెత్తితే ఎక్కడ పాత కొట్లాట గుర్తుకొస్తుందోనని ఇద్దరికీ భయం. దీపాలు పెట్టకముందే సత్తెవ్వ మామూలు చిన్న సూదితో ఆ జానెడూ కుట్టేసింది. నా తలుపు మూసుకుపోయింది. రేపు నా మీద పడుకోబోయేది ఇరవయ్యొక్క రోజుల పసిగుడ్డు!

తెల్లారింది. పాపకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేశారు. తొట్లెకు మామిడాకులు కట్టారు. బొంత పరవగానే వచ్చిన ఆడవాళ్లంతా ఆహా ఓహో అన్నారు. కొమురవ్వకు పీట వేశారు, సత్తెవ్వ స్వయంగా వేసింది. నేను మాత్రం, అమ్మల్లారా, ఆగండి, నేనిక్కడున్నాను అని ఇనుము కరిగేలా అరుస్తున్నాను. నోరుంటే కదా వినబడడానికి!

అయితే మావాళ్లకు ఇంకో ఆచారం ఉంది. బిడ్డ కంటే ముందు తొట్లెలో రుబ్బురోటి పొత్రాన్ని వేసి ఊపుతారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, రాయిలా గట్టిగా ఉండమని. కొమురవ్వ ఆ పొత్రాన్ని బొంత మీద పెట్టింది. అమ్మో, ఏం బరువు! అది సరిగ్గా నా బెజ్జం మీద కూర్చుంది. వెనక కొస అణగగానే ముందు కొస పైకి లేచింది. నీలిగడులు దాటాను. పై పొర దాటాను. వెంట్రుకవాసి మొన బయటపడింది.

పొత్రం తీశారు. స్రవంతి పాపను ఎత్తుకుని వంగుతోంది. ముడత ఉందేమోనని కొమురవ్వ అరచేత్తో బొంతను ఒక్కసారి నిమిరింది. ఇన్నేళ్లలో నేను ఎవరినీ కావాలని పొడవలేదు. ఆ రోజు పొడిచాను. నా బలమంతా పెట్టి ఆమె అరచేతిలో దిగాను.

“అవ్వో! ఆగు బిడ్డా! ఎయ్యకు!” అని కొమురవ్వ పాపకు అడ్డంగా చెయ్యి చాపింది. అరచేతిలో రక్తపు చుక్క.

మరుక్షణం సత్తెవ్వ గొంతు లేచింది. “పసిపోరి కింద సూదా! గిదేనా నువ్వు కుట్టిన కుట్టు? ఇంకా కడుపుల పెట్టుకున్నవా నువ్వు?”

కొమురవ్వ మొహంలో రక్తం లేదు. పీట మీద నుంచి లేచి నిలబడింది. అయిపోయింది, మళ్లీ నా వల్లే అయిపోయింది అనుకున్నాను. సత్తెవ్వ బొంతను లాక్కుని, “ఇంకేమున్నయో సూస్త” అని అంచు కుట్టును పళ్లతో తెంపింది. తెంపి, ఆ దారాన్ని చూసి ఆగిపోయింది. సన్నటి ఎర్ర దారం. నిన్న సాయంత్రం తానే వేసిన కుట్లు.

“గీ అంచు... నేనే మూసిన” అంది, గొంతు సగానికి పడిపోయి.

లోపల చెయ్యి పెట్టింది. నాకంటే ముందు ఆమె వేళ్లకు తగిలింది నా చుట్టూ ఉన్న గుడ్డ. దాని కొసను బయటికి లాగింది. నీలిగడులు. ఒక కొసన జానెడు పీలిక, బియ్యపు గింజల్లాంటి కుట్లతో అతికి ఉంది.

సూది కోసం సోదికి పోతే పాత సంగతులన్నీ బయటపడ్డాయంటారే, అదే అయింది.

“మా అవ్వ చీర” అంది సత్తెవ్వ, తల్లిని తలుచుకుని. “మసిగుడ్డ చేసినవనుకున్న.”

“తెలువక చింపిన చెల్లె. తెలిసినంక అతికిన” అంది కొమురవ్వ. “తెచ్చియ్యనీకి మొకం చెల్లలే. బిడ్డ వీపుకు మీ అవ్వ చీర తాకాలెనని పెట్టిన. చెప్పుడు రాలే నాకు.”

“నాకు మాత్రం అడుగుడు వచ్చిందా? తొక్కు మీద పడి ఏడ్సిన!”

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. స్రవంతి కూడా ఏడ్చింది. పాప ఏడ్చింది. అసలేం జరిగిందో తెలియని చుట్టాలు కూడా ముక్కులు చీదారు. ఇంతలో మూల కూర్చున్న ఒక ముసలామె, “గడియ దాటిపోతున్నది, ఏడుపులు తరువాత పెట్టుకోండ్రి” అని గదిమింది.

సత్తెవ్వ కళ్లు తుడుచుకుని నన్ను తీసింది. దారం ఎక్కించింది. ముడి వేసింది. కొమురవ్వ అలవాటు కొద్దీ చేతులు ఒళ్లో పెట్టుకుని, నన్ను బొంతకు గుచ్చుతుందని ఎదురుచూస్తోంది. సత్తెవ్వ గుచ్చలేదు.

“చెయ్యి వట్టు అక్కా.”

“ఓసోసి, చేతికియ్యకే! కొట్లాటైతది!” అంది ముసలామె.

“అయ్యే కొట్లాటంత అయిపోయింది గదనే అవ్వా” అంది సత్తెవ్వ. “ఇంకేమైతది?”

కొమురవ్వ చెయ్యి చాపింది. అరచేతిలో నేను పొడిచిన చోటు ఇంకా ఎర్రగానే ఉంది. సత్తెవ్వ నన్ను ఆ చేతిలో పెట్టి, వేళ్లు మూసి, తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు నేను వాళ్ల గోడకు వేలాడే దారపు ఉండలో గుచ్చి ఉన్నాను. ఆ గోడే, నడుమెత్తుది. దానికి సందు కొట్టి తడిక తలుపు పెట్టారు. ఒంటికి కాస్త తుప్పు పట్టింది, అది ఏ కన్నీళ్లదో ఏ రాళ్ల వానదో చెప్పలేను. నిన్ననే తొక్కులో కారం మీద యారాళ్లిద్దరూ మళ్లీ గొంతులు లేపారు. నేను గుండె చిక్కబట్టుకుని విన్నాను. గంటసేపు తిట్టుకుని, ఒకే కంచంలో కలుపుకుని తిన్నారు. ఈసారి ఒక్కరు కూడా నా పేరెత్తలేదు.