మార్చని బ్రేకులు

"ఇగో, మేం బయలెల్లినం. తుక్కుగూడ దగ్గరికొచ్చినం గూడ," అంది నిర్మల ఫోన్‌లో. గొంతు సంబరంగా ఉంది.

ఎయిర్‌పోర్ట్ కార్గో షెడ్‌లో పెట్టెల మధ్య నిలబడ్డ మధుకి భార్య మాట ఏమీ అర్థం కాలేదు. "ఎటు?"

"మైసిగండి మైసమ్మ కాడికి, కారుకు పూజ చేపిద్దామని. రేపు అమాస, ఎల్లుండి నుంచి ఆషాఢం. ఇయ్యాల కాకుంటే నెల ఆగాలని అత్తమ్మ పట్టువట్టింది. మామ అయితే పెండ్లికొడుకు తీరు కూసున్నడు స్టీరింగ్ ముందల."

"బిడ్డ?"

"సంతోషి నా ఒళ్లనే ఉంది."

మధు చేతిలోని పెట్టె కింద పెట్టేశాడు.

ఆ కారు అతని తండ్రి జంగయ్య ముప్పై ఏళ్లు టాక్సీగా నడిపిన అంబాసిడర్. ఆరేళ్లు పెరట్లో పడి ఉండి, తుప్పుపట్టి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. ఎనిమిది నెలల కిందట మధు దాన్ని ఇటుకల మీదకి ఎక్కించి పని మొదలుపెట్టాడు. సెలవు రోజులన్నీ దానికే పోయాయి. ఇంజన్ తిరిగింది. తలుపులకు కొత్త రేకు పడింది, రంగు పడింది. బ్రేకుల్లో రబ్బర్లు మార్చడం మాత్రం మిగిలిపోయింది. రాణిగంజ్ విడిభాగాల దుకాణాలన్నీ తిరిగినా ఆ పాత మోడల్‌వి దొరకలేదు.

పోయిన వారం చుట్టాల ముందు జంగయ్య నవ్వాడు. "నేనైతే ఈపాటికి రెండు బండ్లు తయారు చేసేటోన్ని. ఏందిరా, బ్రేకులు ఇంక కాలేదా?"

"అయినయ్ బాపు. కొత్త రబ్బర్లు ఏసిన," అనేశాడు మధు. ఆదివారానికి ఎలాగైనా తెచ్చి వేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

మెకానిక్ విలాయత్ అలీ అంతకుముందే చెప్పాడు. "జర ఇను భాయ్. ఈ రబ్బర్లు ఉత్తగ తొక్కితే మంచిగనే ఉంటయ్. నాలుగుసార్లు గట్టిగ తొక్కినవనుకో, అయిదోసారికి పెడల్ కిందికి పోతది. రోడ్డెక్కియ్యకు."

ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు. రబ్బర్లు మార్చలేదు, ఆపండి. ఆ మాట మధు నాలుక దాకా వచ్చి అక్కడే ఆగింది.

"నిర్మలా, బండి పక్కకు ఆపమను. ఎనక టైర్లల్ల గాలి తక్కువున్నట్టుంది. నేనొచ్చి చూస్త."

ఫోన్ స్పీకర్‌లో ఉన్నట్టుంది, అవతల జంగయ్య గొంతు వినబడింది. "గాలి నేను చూసుకోలేదనుకుంటున్నడా? ముప్పై ఏండ్లు తోలిన, ఒక్క గీత వడలే. నేను తోలుతుంటే వానికి ఓర్వబుద్ధి అయితలేదు. ఆ ఫోన్ ఇటియ్యి బిడ్డా. బండ్లె ఫోనేంది?"

"బాపు, అది కాదు, బ్రేకు..."

లైను తెగిపోయింది. మళ్లీ చేశాడు. స్విచాఫ్.

సూపర్‌వైజర్‌కి చెప్పకుండానే మధు బైకెక్కాడు. తుక్కుగూడ చౌరస్తాలో తిరిగి శ్రీశైలం రోడ్డు పట్టాడు. తండ్రి ఎక్కడెక్కడ బ్రేకు తొక్కి ఉంటాడో లెక్క దానంతటదే నడుస్తోంది. చౌరస్తాలో ఒకటి. స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండు. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద, దాటేవాళ్లు దాటుతూనే ఉన్నారు. మూడు. ప్లాట్ల బోర్డుల మధ్య నుంచి లారీ ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. మధు తన బ్రేకు గట్టిగా నొక్కాడు. బైకు ఆగింది. నాలుగు.

కందుకూరు ఇంకా రాకముందే జనం గుంపు కనిపించింది.

అంబాసిడర్ ముక్కు రోడ్డు పక్క కంకర కుప్పలో దిగబడి ఉంది. సంతోషి నిర్మల చంకలో వెక్కుతోంది. ఇద్దరికీ దెబ్బల్లేవు. మధు తల్లి సక్కుబాయి మణికట్టు పట్టుకుని మూలుగుతోంది. జంగయ్య నేల మీద కూర్చుని, నెత్తురు కారే నుదుటికి తువ్వాల అదుముకున్నాడు.

"బడి పిల్లలు రోడ్డు దాటుతున్నరు," ఎవరో చెబుతున్నారు. "ఆపలేకపోయిండు. గేరు గుంజి కుప్పకు గుద్దిండు."

"అరవై దాటినంక స్టీరింగ్ ఎందుకు పెద్దమనిషికి? మనుమరాలితోని ఆడుకుంట ఇంట్ల కూసోక."

జంగయ్య కొడుకును చూసి కళ్లు దించుకున్నాడు. మధు పుట్టి బుద్ధెరిగి ఆయన్ని అలా చూడలేదు.

"తొక్కిననే అనుకున్నరా. కాలు పెడల్ మీదనే వెట్టిననో, పక్కన వెట్టిననో సోయి లేదు. ఇగ నా పని అయిపోయింది." జేబులోంచి లైసెన్సు తీసి, ముందు నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు.

"పెద్దాయన తప్పు ఒప్పుకుంటున్నడు," అన్నాడు కానిస్టేబుల్, కాగితం మీద రాస్తూ. "కొడుకువా? ఇక్కడ సంతకం పెట్టు. అయిపోతది."

మధు పెన్ను అందుకున్నాడు. నిజంగానే అయిపోతుంది. పాత బండి, ముసలి డ్రైవరు. ఎవరూ చక్రం విప్పి చూడరు.

"ఫోన్ల బ్రేకు అన్నవ్," నిర్మల అతని మొహంలోకే చూస్తోంది. "ఏం చెప్పవోయినవ్?"

పెన్ను కాగితానికి తగిలి ఆగింది.

"రబ్బర్లు ఎయ్యలే బాపు," అన్నాడు మధు. "ఏసిన అని అబద్ధం చెప్పిన. నువ్వు పెడల్ తొక్కినవ్. నీ కాలు తప్పలే."

జంగయ్య లేచి, కానిస్టేబుల్ చేతిలోంచి లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కొడుకు వైపు తిరగలేదు.

"నిర్మలా, ఆటో పిలువు బిడ్డా. మీ అత్త చెయ్యి ఇరిగినట్టుంది. దవాఖానకు పోదాం."

మధు ఒక అడుగు ముందుకేశాడు.

"నువ్వుండు," అన్నాడు కానిస్టేబుల్. రాసిన కాగితం చింపి, కొత్తది తీశాడు. "పేరు చెప్పు."