నోరీన్ గారి టీ బుట్ట

“టీ కోసి ఇవ్వడమేమిటే? టీ ఏమన్నా గుమ్మడికాయా, ముక్కలు కోసి పంచడానికి?” బుచ్చిబాబు మెట్ల కింద నిలబడి మేడ మీదికి అరిచాడు.

మేడ మీది ఆశ్రిత అన్నది టీ కోజీ అని. పదిహేనేళ్ల పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఐర్లండులోని కార్క్ యాస ఇంగ్లీషులో వస్తుంది. ఆ మాట మెట్లు దిగి తండ్రి చెవిలో పడేసరికి ‘టీ కోసి’ అయింది. వంటింట్లో తల్లి కమల చెవికి చేరేసరికి ‘టీ కోసం’ అయింది. ఎవరో టీ కోసం వచ్చారనుకుని ఆమె గబగబా స్టవ్ మీద పాలు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వెళ్లి వీధి తలుపు తీసింది. బయట బాలింకాలిగ్ ఊరి వాన తప్ప మరో మనిషి లేడు.

“ఎవరండీ వచ్చింది?”

“ఎవరూ రాలేదు. నీ కూతురు టీ కోయమంటోంది. కత్తి తీసుకురా.”

“డాడ్! ఇట్స్ ఎ లిటిల్ జాకెట్ ఫర్ ద టీపాట్!” ఆశ్రిత దిగివచ్చి ఫోన్లో బొమ్మ చూపించింది. టీపాట్ చల్లారకుండా తొడిగే ఉన్ని టోపీ.

“ఓహో, కూజాకి కోజీ! ముందే చెప్పవేం?” అని బుచ్చిబాబు పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన జోకులకి ఆయనొక్కడే నవ్వడం ఆనవాయితీ.

కమల వెళ్లి స్టవ్ ఆపేసింది. “నా పిచ్చి గానీ, టీ కోసం మనింటికి ఎవరొస్తారు!” అంది. బుచ్చిబాబు నవ్వు అక్కడితో ఆగిపోయింది.

గోలంతా పక్కింటి నోరీన్ గారికి ఇవ్వాల్సిన క్రిస్మస్ కానుక గురించి. ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక టీ, బిస్కెట్టు అనే రెండు చక్రాల మీద బండి లాగిస్తోంది. పేరుకి నోరీన్ గానీ నోరు మహా మెత్తన. మొన్న మెట్ల మీద జారిపడ్డాక, ఇక ఒంటరిగా వద్దని కొడుకు డోనల్ ఆవిణ్ని తన దగ్గరికి, మూడు గంటల దూరంలోని ములింగార్ ఊరికి తీసుకుపోతున్నాడు. ఎల్లుండే ప్రయాణం.

కానుక ఒక వంక మాత్రమే. బుచ్చిబాబు అసలు బాధ వేరు. తొమ్మిదేళ్ల ఇరుగుపొరుగులో ఆవిడ వీళ్లింట్లో ఒక్క కప్పు టీ తాగలేదు. రాకపోవడమేం లేదు, వారానికొకసారైనా వచ్చేది. వీళ్లు లేనప్పుడు వచ్చిన పార్సెల్ తెచ్చి, కోటు విప్పకుండా నడవాలో నిలబడేది. “టీ తాగుతారా?” అని బుచ్చిబాబు అడిగేవాడు. “ఆ నో, ఐయామ్ గ్రాండ్” అనేది. ఇక్కడ ‘బాగానే ఉన్నాను, ఏమీ వద్దు’ అనడానికి అదే మాట. “ఓకే” అనేవాడు ఈయన. ఆవిడ ఇంకో నిమిషం నిలబడి, వాన గురించి రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయేది. ఇంత గ్రాండుగా వద్దనిపించుకున్నవాడు ఈ వీధిలో ఇంకెవడూ లేడని ఆయన గుండెలో ముల్లు. మన పోపు వాసన ఆవిడకి పడదని తేల్చుకున్నాడు.

ఆయన ఆవిడ ఇంటికి వెళ్తే కథ ఇంకోలా ఉండేది. “వద్దండీ, ఇప్పుడే తాగాను” అని ఈయన అనగానే ఆవిడ “యూ విల్, ఆ యూ విల్, యూ విల్” అంటూ వరసగా మూడుసార్లు విల్లెక్కుపెట్టేది. మూడో బాణానికి ఈయన కుర్చీలో కూలబడేవాడు. అలా ఎన్ని కప్పులు తాగాడో, ఎన్ని బిస్కెట్లు ముంచాడో, అందులో ఎన్ని మునిగిపోయాయో!

ఊరు విడిచి పోయేలోపు ఒక్కసారి ఆవిడ తన చేతి టీ తాగాలి, లేదా ఎందుకు తాగలేదో తెలియాలి. అది పైకి అనడానికి అభిమానం అడ్డొచ్చి, మూడు రోజులుగా కానుక కానుక అంటూ తల పట్టుకుంటున్నాడు. టీపాట్ ఇద్దామంటే ఆవిడకి నాలుగున్నాయి. పేరు రాయించిన కప్పు ఇద్దామంటే, అంచు చిట్లిన తన నీలం కప్పు తప్ప ఆవిడ ఇంకోటి ముట్టదు. రేకు డబ్బా బిస్కెట్లా? డిసెంబరు వస్తే ఈ దేశంలో ఏ ఇంట్లో చూసినా అవే. పైగా పై వరస ఖాళీ అయ్యేదాకా కింది వరస కాగితం ఎత్తకూడదని వీళ్లకో శాసనం.

“ఇవన్నీ ఎందుకండీ? రేపు పిలిచి కూర్చోబెట్టి, అల్లం దంచి, చక్కగా ఒక టీ ఇద్దాం” అంది కమల.

“తాగదు కదే! తొమ్మిదేళ్లుగా చూస్తున్నాంగా.”

“ఒక్కసారి అడిగి ఊరుకుంటే ఎవరు తాగుతారు? మా తెనాలిలో మూడోసారి అడిగేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు.”

“అది తెనాలి, ఇది ఐర్లండ్. వీళ్లు వద్దంటే వద్దనే అర్థం. బలవంతం చేస్తే మొరటు మనుషులనుకుంటారు. బయల్దేరేముందు ఆఫీసులో రోజంతా క్లాసు పెట్టి మరీ చెప్పారు నాకు.”

“ఆ చెప్పినాయన ఈ దేశం చూశాడా?”

“ఆయన షంషాబాద్ కూడా దాటలేదు. అయినా క్లాసు క్లాసే.”



చివరికి బుచ్చిబాబు బుట్ట కట్టాడు. అస్సాం టీ పొడి, ఇండియన్ షాపులో దొరికిన ఉస్మానియా బిస్కెట్లు, ఒక అల్లం కొమ్ము, ఏలకులు, స్టీలు వడగట్టు, పైన ఆశ్రిత ఎంచిన ఎర్ర కోజీ. ఎలా కాయాలో కమల ఇంగ్లీషులో రాసిన చీటీ కూడా పెట్టాడు. అల్లం ఎంత వెయ్యాలో బొమ్మ గీసి చూపించింది ఆశ్రిత.

ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం నోరీన్ గారి వాకిట్లో కారు సిద్ధంగా ఉంది. సాగనంపడానికి వీధివాళ్లు ఐదారుగురు గొడుగులతో నిలబడ్డారు. డోనల్ ఆఖరి పెట్టె డిక్కీలో సర్దుతున్నాడు. ఇంట్లో కెటిల్ సహా అన్నీ మూటలైపోయాయి. బుచ్చిబాబు బుట్ట తీసుకెళ్లి ముందు సీట్లో ఉన్న ఆవిడ ఒళ్లో పెట్టాడు.

ఆవిడ మూత తీసింది. టీ పొడి వాసన చూసింది. చీటీ దూరంగా పట్టుకుని ఆసాంతం చదివింది. తర్వాత తలెత్తి, “బూచీ” అంది. ఆవిడ నోట్లో బుచ్చి ఎప్పుడూ బూచే. “తొమ్మిదేళ్లు మీ ఇంట్లో ఒక కప్పు టీ కోసం కాచుకున్నాను. ఇప్పుడు పోతుంటే పొడి చేతిలో పెడుతున్నావా?”

హాస్యానికే అంది. గొడుగుల కింద ఒకరిద్దరు నవ్వారు. బుచ్చిబాబుకి మాత్రం చెవులు వేడెక్కాయి.

“నేను అడిగానుగా! వచ్చినప్పుడల్లా అడిగాను. మీరే వద్దన్నారు!”

డోనల్ డిక్కీ మూసి దగ్గరికొచ్చాడు. “వచ్చినప్పుడల్లా సరే. వచ్చినప్పుడు ఎన్నిసార్లు అడిగేవారు?”

“ఒకసారి.”

“ఒక్కసారే?” డోనల్ తల్లి వంక చూశాడు. “అయ్యో, మమ్!”

“ఓ మై గాడ్, డాడ్,” అంది ఆశ్రిత. “యూ హావ్ టు ఆస్క్ త్రీ టైమ్స్! ఎవ్రీవన్ నోస్ దట్!”

“నీకు తెలిస్తే నాకు చెప్పి చావవేం?”

“ఐ థాట్ యూ డిడ్‌న్ట్ వాంట్ హర్ ఇన్, లైక్.” ఆ పిల్ల చాలా మామూలుగా అనేసింది.

బుచ్చిబాబు కారు తలుపు పట్టుకున్నాడు. “రండి. ఇప్పుడే రండి. ఐదు నిమిషాల్లో పెడతాను.”

“ఆ నో, బూచీ.”

“రండి, నోరీన్ గారూ. అల్లం ఇంట్లో ఇంకా ఉంది.”

“నో, నో.”

“యూ విల్,” అన్నాడు. “ఆ, యూ విల్.”

ఆవిడ చేయి చాపి ఆయన చేతి మీద వేసింది. “ఇది నిజం వద్దు, నాయనా. నాలుగింటికే చీకటి పడుతుంది. దారంతా మంచు కడుతుందట. డోనల్ కంగారు పడుతున్నాడు.”

వెనక నిలబడ్డ ఎదురింటి ముసలాయనకి వినికిడి తక్కువ. ఏమైంది, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అని గట్టిగా అడిగాడు. అందరూ బుచ్చిబాబు వైపు చూశారు. ఆయనే చెప్పాల్సి వచ్చింది. వాన చప్పుడు మీద గట్టిగా, ఇంగ్లీషులో చెప్పాడు.

“ఈవిడ మొదటిసారి వద్దనడం మొహమాటానికి. నేను మళ్లీ అడుగుతానని ఎదురుచూసింది. నేనేమో అది నిజం వద్దే అనుకున్నాను. మా ఊళ్లోనూ మొదట వద్దనే అంటారు. ఈవిడ ఇంట్లో నేనే ప్రతిసారీ వద్దని, బలవంతం చేయించుకుని తాగాను. ఇక్కడి మనుషులు అలా కాదనుకున్నాను.”

“నేనేమనుకున్నానో చెప్పనా?” అంది నోరీన్ గారు, కమల వైపు తిరిగి. “మొదటి చలికాలంలో ఒకసారి నువ్వు కప్పు పట్టుకుని నడవాలోకి వచ్చావు. ఈయన నీ మోచేయి పట్టుకుని ఏదో అన్నాడు. కప్పు వెనక్కి వెళ్లిపోయింది. నేను లోపలికి రావడం ఈయనకి ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. అందుకే ఆ తర్వాత కోటు విప్పలేదు.”

ఎదురింటి ముసలాయనకి కూడా వినబడినట్టుంది, గొడుగు కాస్త దించాడు.

“ఆయన ఏమన్నారో నేను చెప్తాను,” అంది కమల, భర్త వంక చూడకుండా. “ఆవిడ వద్దన్నారు కదా, బలవంతపెట్టకు, బాధపడతారు, అన్నారు.”