దగ్గు లేని మెలకువ

గల్ఫ్‌లోని అజ్మాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే దౌలత్‌బీకి గొంతు ముందు నిమ్మకాయంత గడ్డ లేచింది. థైరాయిడ్ వాచిందని, ఆపరేషన్ చేసి తీసెయ్యాలని డాక్టర్లు చెప్పారు. ఆమెది రాయచోటి. ఆసుపత్రిలో తెలుగు వచ్చిన నర్సు లీదియా ఒక్కతే కావడంతో దౌలత్‌బీ ఆ పిల్ల చెయ్యి వదిలిపెట్టలేదు.

"ఏం పాపా, కోస్తే నా మాట పోతాదా? మూగదాన్నయితే నేనెట్ల బతికేది?"

"పోదక్కా. మీరు లేచి మాట్లాడితే ముందు వినేది నేనే కదండీ," అంది లీదియా. ఆమెది నరసాపురం.

అలా అందేగానీ లీదియాకూ లోపల దిగులుగానే ఉంది. కిందటి వారం ఇదే ఆపరేషన్ అయిన ఒకామె, ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం తీస్తుంటే విపరీతంగా దగ్గింది. ఆ అదురుకు లోపల రక్తం కారి మెడ ఉబ్బిపోయింది. మళ్ళీ కుట్లు విప్పాల్సి వచ్చింది.

మత్తు ఇచ్చే డాక్టరు సల్వా సూడాన్ మనిషి. ఆవిడ అది మరిచిపోలేదు. మామూలుగా ఆపరేషన్ ముగియగానే అందరూ రోగి భుజాలు తట్టి, కళ్ళు తెరవమని తలో భాషలో అరిచేవాళ్ళు. ఆ కుదుపుకే దగ్గు వచ్చేది.

"ఈ రోజు ఎవరూ అరవద్దు, కదపొద్దు. తనంతట తనే లేవాలి," అంది సల్వా, దౌలత్‌బీ మెడకు కుట్లు వెయ్యడం పూర్తవుతుండగా. మత్తులో ఉండగానే గొంతులో చేరిన తడి తీసేసింది. దగ్గును అణిచే మందు నరంలోకి మెల్లగా ఎక్కించింది. తర్వాత లీదియా వైపు తిరిగి, "ఇక నువ్వొక్కదానివే పిలువు, మీ భాషలో," అంది.

లీదియా దౌలత్‌బీ చెవి దగ్గరికి వంగింది. "అక్కా, అయిపోయిందండీ. కళ్ళు తెరవండి."

రెప్పలు కదిలాయి. దౌలత్‌బీ కళ్ళు తెరిచింది. సల్వా గొట్టాన్ని మెత్తగా బయటికి లాగింది. కోత కోసిన సర్జన్ మెడకట్టు వైపే చూశాడు. దౌలత్‌బీ ఒక్క గుటక మింగింది, అంతే. దగ్గు రాలేదు.

"ఖలాస్!" అంది సల్వా సంతోషంగా, పని అయిపోయిందన్నట్టు.

"ఏదన్నా మాట్లాడండక్కా," అని బతిమాలింది లీదియా.

దౌలత్‌బీ అందరి మొహాలూ చూసింది. గొంతు కాస్త బొంగురుగా పలికింది. "ఏం పాపా, అందరూ ఊరికే నిలబడినారే? ఇంగా కొయ్యరా?"

లీదియా ఆ మాట ఇంగ్లీషులో చెప్పేసరికి గదంతా గొల్లున నవ్వింది. దౌలత్‌బీకీ నవ్వొచ్చింది.

"మీరు మాత్రం నవ్వొద్దు, కుట్లు!" అంటూ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది లీదియా. తన కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం సల్వా వచ్చి మెడకట్టు చూసింది. పొడిగా ఉంది. అప్పటికి దౌలత్‌బీ పక్క మంచం మీది మలయాళీ ఆవిడకు, బొరుగుల ఉగ్గాణిలో పుట్నాల పొడి ఎప్పుడు చల్లాలో చేతులు తిప్పుతూ చెబుతోంది.