నలభయ్యో వరుస

మంత్రసాని లైసెన్సుకి ఏమేం కావాలో ఆఫీసు గోడ మీద రాసి పెట్టారు. పరీక్ష పాసవ్వాలి, ఒంట్లో జబ్బులుండకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా నలభై కాన్పులు సొంత చేతులతో చేసి ఉండాలి. కాన్పుకో వరుస చొప్పున పుస్తకంలో రాసి, చివర తల్లి చేత సంతకం పెట్టించాలి. నెలాఖరులోగా ఇవ్వకపోతే రెండేళ్ళ చదువూ మళ్ళీ మొదటికొస్తుంది. కష్టపడ్డావు పాపం అని ఒకటి తగ్గించుకునే ఆఫీసు ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

చెల్లెలి పుస్తకంలో ఉన్నవి ముప్పై తొమ్మిది.

అక్కడి గుమాస్తాకో అలవాటుంది. కళ్ళతో లెక్కపెడితే లెక్క తప్పుతుందని, బడిలో హాజరు వేసినట్టు ఒక్కో బిడ్డ పేరూ పైకి చదువుతాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఎంత విసుక్కున్నా మానడు. ముప్పై తొమ్మిదీ చదివి పుస్తకం తిరిగిచ్చాడు.

"ఇంకొక్కటి తెచ్చుకోమ్మా."

"మా అక్కకి నెలలు నిండాయండీ."

"మరింకేం? చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పని."

ఆ మాట ఇంటికొచ్చి చెబితే అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "చూశావా, వీడు పుట్టకముందే పిన్నికి ఉద్యోగం వేయిస్తున్నాడు." పేరు కోసం అక్కా బావా రెండు నెలలు పోట్లాడుకుని, ఆడైనా మగైనా సరిపోయేది ఒకటి ఖాయం చేశారు. అప్పుడే రాసేసుకోమంది అక్క. పదో రోజున తల్లీబిడ్డల్ని చూడ్డానికొచ్చినప్పుడే పేరు రాసుకోవాలి, అది పద్ధతి అంది చెల్లెలు.

ఆ వారంలో చెల్లెలికి సాయంత్రం ఆరింటి డ్యూటీ. ఆరుంపావుకి అక్క సంచీ పట్టుకుని ఆసుపత్రికి నడుచుకుంటూ వచ్చింది. చెల్లెలు బిడ్డ గుండెచప్పుడు వినే గొట్టం పొట్ట మీద ఆనించి చెవి పెట్టింది. చోటు మార్చింది. మళ్ళీ మార్చింది. డాక్టరు మిషను పెట్టి చూసి, మిషను ఆపేసి, అక్క చెయ్యి పట్టుకున్నాడు.

అయినా కాన్పు తప్పదు కదా. "నువ్వే చెయ్యి," అంది అక్క. చెల్లెలే చేసింది. మగబిడ్డ, చేతుల్లోకి వచ్చేటప్పటికి ఇంకా వెచ్చగానే ఉన్నాడు. ఏడవాల్సినవాడు ఏడవలేదు, మిగతా అందరూ ఏడ్చారు.

పదో రోజు పడింది నెలాఖరుకి ముందురోజునే. బిడ్డ బతికినా బతక్కపోయినా కాన్పు కాన్పేనని నిబంధనల్లో ఉంది. అది చెల్లెలికి తెలుసు, ఆమెకి తెలుసని అక్కకీ తెలుసు.

"పుస్తకం తెచ్చావా?" అంది అక్క, మంచం మీద అటు తిరిగి పడుకునే.

"నేను రాయనక్కా. ఆ లైసెన్సు లేకపోతే చచ్చిపోను."

అక్క గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆ రోజు పొద్దున్నుంచే వాడు కదలడం తగ్గింది. నీ డ్యూటీ ఆరింటికి కదా అని ఆగాను. వేరేవాళ్ళు చేస్తే నీ లెక్కలోకి రాదు కదా."

చెల్లెలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఇంటికీ ఆసుపత్రికీ పది నిమిషాల దూరం.

"పొద్దున్నే వచ్చుంటే బతికేవాడా?" అంది అక్క.

అబద్ధం చెప్పాలని చెల్లెలు నోరు తెరిచింది. ముప్పై తొమ్మిది మంది తల్లులకి ధైర్యం చెప్పిన నోరు అది. "తెలీదక్కా," అని మాత్రం వచ్చింది. అది నిజమే. ఆ నిజం ఇద్దరిలో ఎవరికీ అక్కరకు రాలేదు.

"నువ్వు రాయకపోతే నేను ఆగిందంతా దేనికి?" అక్క లేచి కూర్చుని చెయ్యి చాపింది. "ఇలా తే, సంతకం పెడతాను."

పెట్టింది. చెల్లెలు మిగతా గడులు నింపి పేరు దగ్గర ఆగింది. "ఇది ఖాళీగా ఉంచినా ఏమనరు."

"పదో రోజున రాస్తానన్నావుగా. రాయి."

మర్నాడు ఆఫీసుకి అక్క కూడా వస్తానంది. వద్దన్నా వినలేదు. గోడ పక్కన బల్ల మీద, బాలింత నడుముకి దుప్పటి చుట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. గుమాస్తా హాజరు మొదలుపెట్టాడు. ముప్పై తొమ్మిదో పేరు చదివి, కింది వరుస చివరిదాకా చూసి, గొంతు తగ్గించాడు.

"ఇలాంటివాటికి పేరు చదవక్కర్లేదమ్మా. నలభై అయ్యాయి, నువ్వు అర్హురాలివే." ముద్ర అందుకున్నాడు.

"చదవండి," అంది చెల్లెలు. "అందరివీ చదివారుగా."

ఆయన ముద్ర పక్కన పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని, మిగతా పేర్లు చదివినంత గట్టిగానే ఆ పేరూ చదివాడు.

బల్ల మీద అక్క చటుక్కున తలెత్తి గుమ్మం వైపు చూసింది.